భుజం మీద చెయ్యి

మా అమ్మకు సైరన్ వినపడదు. అందుకని మధ్యాహ్నం అది మోగినప్పుడు ఎవరో ఒకరు వెనక గదిలోకి వెళ్లి ఆమె భుజం మీద చెయ్యి వెయ్యాలి. ఆ ఎవరో ఒకరు ఎప్పుడూ నా భార్య దీపే. నేను ఆ వేళకు ఊరి బయట రోడ్డు మీద ఎర్రజెండా పట్టుకుని నిలబడి ఉంటాను.

మా జిల్లేడుపల్లె గోదావరిఖని నుంచి ఆటోలో పోయేంత దూరం. ఊరి చివరి ఇళ్లకు ఎదురుగా ఓపెన్‌కాస్టు గని. బొగ్గు మీది మట్టినీ రాయినీ పేల్చి తీసేది ఒక కంట్రాక్టు సంస్థ. ఊళ్లో దాన్ని మట్టికంపెనీ అంటారు. నేను మట్టికంపెనీ మనిషిని. బ్లాస్టింగ్ వేళ మనుషులూ బండ్లూ పశువులూ గని వైపు పోకుండా ఆపడం నా పని. రోడ్డు ఖాళీ అయ్యాక వాకీటాకీలో 'క్లియర్' అనాలి. నేనూ, నాలాగే మిగతా దారుల మీద నిలబడ్డవాళ్లూ ఆ మాట అంటేనే మీట నొక్కుతారు. రోజు మొత్తంలో నేను మాట్లాడే మాటల్లో ఎవరైనా ఎదురుచూసేది అదొక్కటే.

సైరన్ వినగానే ఊళ్లో ఆడవాళ్లు గూళ్లలోంచి గాజుసామాను దించి నేల మీద పెడతారు. టీవీని పొదివి పట్టుకుని నిలబడేవాళ్లు కొందరు. మిగిలినవాళ్లు వాకిట్లోకి వచ్చి గోడలకు దూరంగా, మాట్లాడకుండా నిలబడతారు. ముందు కాళ్లకింద నేల కదులుతుంది. చప్పుడు ఆ తర్వాత వస్తుంది. దాని వెనక దుమ్ము. చిన్నదిగా రెండో సైరన్ మోగితే ఎవరి పనిలోకి వాళ్లు పోతారు.

దీప మాత్రం గాజుసామాను జోలికి పోదు. కుట్టు మిషన్ మీంచి లేచి నేరుగా వెనక గదిలోకి పోతుంది. ఆ గది గోడకు పైనుంచి కిందిదాకా పగులు. వానాకాలం వానాకాలానికి అది వెడల్పయి, అవతలి వెలుగు కనిపించేదాకా వచ్చింది. గోడ అమ్మ మంచం వైపే ఒరుగుతోంది. మంచం ముందు గదిలో వేస్తానంటే అమ్మ ఒప్పుకోదు. ముందు గది మా ఇద్దరిది. "మీ నడుమ నేనెందుకు?" అంటుంది. మా నడుమ చాలా చోటు ఉందని ఆమెకు ఎలా చెప్పను?

వారపు సెలవునాడు ఒకసారి గడప దగ్గర నిలబడి చూశాను. దీప చెయ్యి భుజం మీద పడగానే అమ్మ లేచి కూర్చుంది. మంచం దిగాక ఇద్దరూ వాకిట్లోకి వచ్చారు. పేలుడు అయిపోయింది. దుమ్ము కూడా తేలిపోయింది. అమ్మ తన చేతిని దీప చేతి మీద పెట్టి అలాగే ఉంచింది. దీప కూడా తీయలేదు. నాలో చిన్న అసూయ కదిలింది. ఇద్దరిలో ఎవరి మీదో తేల్చుకోలేకపోయాను.

ఆ చలికాలం సర్పంచ్ ఎన్నికలు వచ్చాయి. మా ఊరు ఆడవాళ్లకు రిజర్వయింది. ఒక ఉదయం మట్టికంపెనీ సైట్ ఇన్‌చార్జి పవన్‌కుమార్ గారు బత్తాయిలు పట్టుకుని మా ఇంటికి వచ్చారు. ఆయనది గోదావరి జిల్లా. మెత్తగా మాట్లాడతారు. నాలుగేళ్లలో ఆయన నా మీద కేకవేసింది లేదు, నన్ను పేరు పెట్టి పిలిచిందీ లేదు. ఆరోజు పిలిచారు.

"సదానందం మనవాడేనమ్మా" అన్నారు దీపతో. "నువ్వు బాగా కుడతావని మా ఆవిడ చెబుతూ ఉంటుంది. ఊళ్లో ఆడవాళ్లంతా నీ మాట వింటారంటగా?"

"మాటైతే ఇంటరు సార్. కుట్టుకూలి ఇయ్యుమంటెనే ఇనరు."

ఆయన నిజంగానే నవ్వారు. టీ తాగుతూ, ఆమె సర్పంచ్‌గా నిలబడితే బావుంటుందని, మిగతా సంగతులు తాము చూసుకుంటామని చెప్పారు. ఎందుకో చెప్పలేదు. ఊరివైపు తవ్వకం జరపాలంటే ఊరిసభ ఒప్పుకోవాలి. అది ఆయనకు తెలుసు, మాకూ తెలుసు. మర్యాదగా ఎవరమూ ఆ మాట ఎత్తలేదు.

దీప నా వైపు చూస్తుందనుకున్నాను. ఆమె వెనక గది తలుపు వైపు చూసింది.

"నేను నిలవడాల్నంటే ఒకటే షరతు సార్. ఆ బ్లాస్టింగులు ఆపుండ్రి. మా అత్త పగిలిన గోడ కింద పండుకుంటది."

ఆయన గ్లాసు కింద పెట్టి, ఏ రంగు చొక్కా వేసుకోవాలా అని ఆలోచించే మనిషిలా కాసేపు ఆలోచించారు.

"అటుపక్క మెత్తమట్టి ఉందిలే. మిషన్లు అటు తిప్పితే పేల్చక్కర్లేదు. చూద్దామమ్మా."

జీపు వెళ్లిపోయాక దీపను అడిగాను. "వాళ్లకేం గావాల్నో నీకు తెల్వదా?"

"తెల్వకేం? ముందైతే కుర్చీల కూసోనియ్యి. కూసున్నంక వాళ్ల మాట ఇనాల్నో వద్దో నేను జూస్త." దారాన్ని పంటితో తెంపి, "నీ నౌకరికేం గాదు, ఫికర్ జెయ్యకు" అంది.

నేను నౌకరి గురించి అడగలేదు. కానీ ఆమె అలా అన్నాక, దాని గురించే అడిగానేమో అనిపించింది.

మరునాడు వాకీటాకీలో సూపర్‌వైజర్ గొంతు వచ్చింది. "ఇయ్యాల ఫైరింగ్ లేదు. హాజరు పడతది. పాయింట్ల మీద నిలవడుండ్రి." జెండా చుట్టి చంకలో పెట్టుకుని నిలబడ్డాను. మామూలు వేళకు ఎప్పటిలాగే బర్రెల మంద వచ్చింది. రోజూ నేను ఆపే చోటికి రాగానే ముందు బర్రె దానంతటదే ఆగింది. వెనకవి ఆగాయి. నన్ను చూస్తూ నిలబడ్డాయి. పొమ్మని చెయ్యి ఊపాను. కదలలేదు. నా ఒళ్లు కూడా వాటిలాగే ఉంది. మెడ బిగుసుకుని, పళ్లు కరుచుకుని, రానిదాని కోసం కాచుకుని ఉంది. దెబ్బ పడితే ఒళ్లు వదులవుతుంది. పడకపోతే దానికి ఏం చెయ్యాలో తెలియదు.

జైపాల్ డ్యూటీ దిగి బండి మీద వస్తూ నన్ను చూసి ఆపాడు. నాకు మేనమామ కొడుకు. భూగర్భ గనిలో పర్మినెంటు మనిషి, యూనియన్‌లో తిరిగినవాడు.

"ఏం బావా, బాంబు లేదు గని జెండా ఉన్నదా?"

"డ్యూటీ."

"ఊళ్లె ఎర్రజెండా పట్టినోళ్లం మస్తుమందిమి ఉన్నం. జీతమొచ్చేది మాత్రం నీకొక్కనికే."

ఇద్దరం నవ్వాం. ఈ మాట అతను ఎన్నోసార్లు అన్నాడు, నేను ప్రతిసారీ నవ్వాను. మా స్నేహం అలాంటిది. బ్లాస్టింగ్ ఎందుకు లేదని అడిగాడు. దీప అడిగిందని, ఆపారని చెప్పాను. జైపాల్ బండి ఇంజను ఆపేశాడు.

"అడిగితే ఆపిన్రా?"

"ఊఁ."

"టెంటేసి కూసున్నం. పెద్దపల్లి పోయి కలెక్టర్ ఆఫీసు ముంగట ఎండకు ఎండినం. నోట్లె మన్ను గొట్టిన్రు. గిప్పుడు టీ తాగుకుంట అడిగితే ఆపిన్రా?" కాసేపు గని వైపు చూశాడు. "అంటే ఆపస్తది అన్నట్టు. ఆపస్తది గని ఇన్నేండ్లు కావాల్ననే ఆపలే."

నాకు తోచని మాట అది. తోచకుండా జాగ్రత్తపడ్డ మాట.

"మా రమను నిలవెడ్త" అన్నాడు భార్య పేరు ఎత్తి, బండి స్టార్టు చేస్తూ. "చెప్పలేదనకు."

సాయంత్రం ఇంటికి వస్తే దీప లేదు. బోరింగు దగ్గర ఆడవాళ్లతో మాట్లాడుతోంది. వెనక గదిలో అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. ఒక భుజం కొద్దిగా ముందుకు వంచి, తలుపుకు వీపు పెట్టి. రోజూ చెయ్యి పడే భుజం అది. ఎంతసేపటి నుంచి అలా కూర్చుందో.

నేను ముందుకు వెళ్లి కనిపించాను. "ఇయ్యాల లేదా?" అంది. లేదని చెయ్యి ఊపాను. తల ఆడించింది కానీ పడుకోలేదు.

తర్వాతి వారాల్లో ఊరికి ఒక కొత్త అలవాటు వచ్చింది. సైరన్ లేదు. అయినా ఆ వేళకు అందరూ వాకిళ్లలోకి వచ్చేవాళ్లు. ఎందుకు వచ్చామో గుర్తొచ్చి ఒకరినొకరు చూసుకుని నవ్వేవాళ్లు. లోపలికి మాత్రం పోయేవాళ్లు కాదు. ఊరు ఊరంతా పనేమీ లేకుండా బయట నిలబడి ఉండే వేళ అది. ఓట్లు అడగడానికి అంతకన్నా మంచి వేళ ఉండదని దీప మొదటిరోజే కనిపెట్టింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతుండగా వీధి ఈ చివర నుంచి బయల్దేరేది. రమ ఆ చివర నుంచి వచ్చేది. ఇద్దరూ పోచమ్మ గద్దె దగ్గర ఎదురుపడేవాళ్లు.

"ఏం వదినె, మట్టికంపెనోళ్లు కొత్త మిషన్ కొనిచ్చిన్రట గద?" రమ అనేది.

"పాతదే తొక్కుతున్ననే. నీ జాకెట్టు చేతులు నాకాడనే ఉన్నయి. గెలిచినంక కుట్టిస్త."

"ఓడితే?"

"ఓడితే ఇంక జల్ది ఇస్త. అప్పుడు నాకేం పనుంటది?"

చుట్టూ ఉన్నవాళ్లు విరగబడి నవ్వేవాళ్లు. ఇద్దరూ కూడా. వారపు సెలవునాడు అరుగు మీద కూర్చుని చూస్తుండేవాణ్ని. దీప నవ్వేటప్పుడు తల వెనక్కి వాలుస్తుంది. పెళ్లయిన కొత్తలో చూసిన గుర్తు. ఈ నవ్వు ఇన్నాళ్లూ ఎక్కడ ఉండిందని కాదు నా ఆలోచన. ఇన్నాళ్లూ ఉండే ఉంటుంది, నేను జెండా పట్టుకుని ఉన్న వేళల్లో.

"ఓట్ల గుర్తు కుట్టు మిషన్ వస్తె సాలు" అనేది నాతో. నాతో అంటే, నేనున్న గదిలో. "గా గుర్తొస్తె పోస్టర్లు గూడ అవసరం లేదు. ఇంటింటికి నా కుట్టు ఉన్నది."

ఆమెకు ఆ ఓట్లు కావాలి. కుర్చీ కన్నా ఓట్లే ఎక్కువ కావాలి. తన కుట్టు వేసుకున్న ఒక్కొక్క ఒళ్లూ వెళ్లి తన గుర్తు మీద ముద్ర వేస్తుందా లేదా అన్నది తెలుసుకోవాలి. ఆమెకు ఏదైనా అంత కావాలనిపించడం నేను అంతకుముందు చూడలేదు.

అమ్మ తిండి మానేసింది ఆ రోజుల్లోనే. జొన్న గటక కలిపి ఇస్తే రెండు బుక్కలు తిని గిన్నె జరిపేది. గోదావరిఖని తీసుకుపోయి దవాఖానలో చూపించాను. ఏమీ లేదన్నారు. ఆమెకు వినపడకపోయినా వేళ తెలిసేది. ఆ వేళకు లేచి కూర్చునేది. భుజం వంచి కాసేపు చూసేది. ఎవరూ రాకపోతే ఆ పగిలిన గోడ వైపు తిరిగి పడుకునేది. పిల్లలు లేని ఇల్లు. చెవులు పోయిన మనిషితో ఎవరూ కూర్చుని మాట్లాడరు. రోజు మొత్తంలో ఆమెను తాకే చెయ్యి అదొక్కటే. ఆ చేతిని రప్పించేది బాంబు.

"అమ్మ తింటలేదు" అన్నాను దీపతో.

"చలికాలం గద, గట్లనే ఉంటది. బాంబుల్లేవు, నిమ్మలంగ పండనియ్యి."

'నీ చెయ్యి లేక' అందామనుకున్నాను. ఆ మాట నా నోట్లోంచి వస్తే అమ్మ కోసం అడిగినట్టు ఉంటుందో, నా కోసం అడిగినట్టు ఉంటుందో. అడగలేదు.

నామినేషన్లు వెనక్కి తీసుకునే రోజు పక్క ఊరి పంచాయతీ ఆఫీసుకు వెళ్లాం. దీప ఇస్త్రీ చీర కట్టుకుంది. ఆఫీసు ముందు మట్టికంపెనీ జీపు ఆగి ఉంది. వెనక సీట్లో బంతిపూల దండలు. అప్పటికే కొంచెం వాడాయి. అవి ఎందుకొచ్చాయో నాకు వెంటనే తట్టలేదు.

కాసేపటికి రమ లోపలి నుంచి వచ్చింది. దీపను చూసి ఆగబోయి, కొంగు సర్దుకుని, ఎదురుగా ఉన్న చెట్టును చూస్తూ నడిచిపోయింది. వెనకే ఆఫీసరు బయటికి వచ్చి దీప పేరు పిలిచి నవ్వాడు.

"రమ వెనక్కి తీసుకుందమ్మా. ఏకగ్రీవం. నువ్వే సర్పంచ్‌వి."

"మరి ఓట్లెప్పుడు?"

"ఓట్లు ఇంకెందుకు? పోటీ లేదు గదా."

"గుర్తు?"

"గుర్తు గూడ అవసరం లేదు."

"ఓట్లెయ్యకుంటే నాకెట్ల తెల్వాలె?"

"ఏం తెల్వాలె?" అన్నాడు ఆఫీసరు. నిజంగా అర్థంకాకే అడిగాడు. దండలు వచ్చి దీప మెడలో పడ్డాయి. ఆ పూల కింద ఆమె చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక ఇస్త్రీ మడతలు సవరించుకుంటోంది.

బండ్ల దగ్గర జైపాల్ కనిపించాడు. నేను ఏమీ అడగకముందే, "మా తమ్మునికి మట్టికంపెనోళ్లు రెండు టిప్పర్లు పెట్టిచ్చిన్రు, మట్టిపనిల" అన్నాడు.

"నువ్వడిగినవా?"

"నేనడగలే బావా. వాళ్లే ఇంటికచ్చి నీకేం గావాలె అని అడిగిన్రు." తాళంచెవిని వేళ్ల మధ్య తిప్పుతూ నిలబడ్డాడు. "ఇన్నేండ్లల్ల నన్ను గా మాట అడిగినోడు లేడు. యూనియన్‌ల గూడ లేడు. ఏం జెప్పాల్నో తెల్వక మా తమ్ముని పేరు జెప్పిన."

ఆ తర్వాత జైపాల్ రోడ్డు మీద నన్ను చూసినా బండి ఆపలేదు. ఎర్రజెండా మీద మాట వినకుండా రోజులు గడవడం నాకు కొత్త.

ప్రమాణస్వీకారం అయిన కొద్దిరోజులకే ఒక ఉదయం వాకీటాకీ చెప్పింది. "ఇయ్యాల ఫైరింగ్ ఉంటది. పాయింట్లన్నీ జాగ్రత్త."

ఫోన్ తీశాను. దీపకు వాళ్లే చెప్పి ఉంటారనుకున్నాను. చెప్పకపోయి ఉంటే, నేను చెబితే ఆమె గొంతు ఎలా ఉంటుందో అనుకున్నాను. అలా అనుకుంటూ ఉండగానే మధ్యాహ్నమయింది. పొడవాటి సైరన్ మోగింది. మర్చిపోయిన చుట్టం వాకిట్లో నిలబడి పిలిచినట్టు ఉంది. జెండా విప్పి పట్టుకున్నాను. బర్రెలు ఆగాయి.

ఊరివైపు నుంచి దీప నడిచి వస్తోంది. మెడలో టేపు వేలాడుతోంది. కుడుతూ కుడుతూ లేచి వచ్చిందన్నమాట. బర్రెల మధ్య నుంచి దారి చేసుకుని నా ముందుకు వచ్చింది.

"జరుగు."

"దీపా, సైరనయింది."

"ఇన్న. లోపట మనిషి ఉంటె పేల్చరు గద? నువ్వే చెప్పినవు ఒకపారి."

చెప్పాను. ఎప్పుడో, నౌకరి దొరికిన కొత్తలో. ఆమె విన్నదని, గుర్తుపెట్టుకున్నదని నాకు తెలియదు. జెండాను ఆమెకు అడ్డం పెట్టలేదు. దించనూ లేదు. ఆమె నా పక్కనుంచి దాటి, గని దారిలో కొంతదూరం పోయి, నాకు వీపు పెట్టి నిలబడింది.

"రోడ్డు పాయింట్, క్లియరా?"

నేను దీప వీపునే చూస్తున్నాను.

"సదానందం. క్లియరా?"

"కాదు."

"ఎవలు?"

"సర్పంచ్."

రాయిలో మందు నింపి పెట్టి ఉంది, మీట దగ్గర మనిషి కూర్చుని ఉన్నాడు, చుట్టూ దారుల మీద నాలాంటివాళ్లు జెండాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. ఇవన్నీ దీప వీపు దగ్గర ఆగి ఉన్నాయి. ఆమె తిరిగి చూడలేదు. నేను పిలవలేదు. అయినా ఆ కాసేపు, మా పెళ్లయినప్పటి నుంచీ మేమిద్దరం కలిసి చేస్తున్న పని అదొక్కటే అనిపించింది.

గని వైపు నుంచి తెల్లకారు వచ్చింది. పవన్‌కుమార్ గారు దిగి చేతులు జోడించారు.

"ఎండలో నిలబడ్డారేంటమ్మా?"

"ఆపుతమన్నరు."

"ఆపామా లేదా చెప్పండి? అటుపక్క మెత్తమట్టి అయిపోయి రాయి తగిలింది. మళ్లీ ఆపే వీలుంటే ఆపుదాం. ఆఫీసులో కూర్చుని మాట్లాడుకుందాం రండి. సర్పంచ్ గారు రోడ్డు మీద మాట్లాడితే ఊరికే చిన్నతనం."

కోపంగా ఒక్క మాట అని ఉంటే దీప కదిలేది కాదు. ఆమె కోపం కోసం సిద్ధపడి వచ్చింది. ఆయన వెనక తలుపు తెరిచి పట్టుకున్నారు. ఆమె కోసం ఎవరూ ఎప్పుడూ తలుపు తెరిచి పట్టుకోలేదు. నేను కూడా. దీప సీటు వైపు చూసింది. తర్వాత తన కాళ్ల వైపు చూసుకుంది. దుమ్ము కాళ్లు. చెప్పులు నేలకేసి దులిపి, ఒకదాని తర్వాత ఒకటి జాగ్రత్తగా లోపల పెట్టి కూర్చుంది. కారు గని ఆఫీసు వైపు తిరిగింది. నల్లద్దం వెనక ఆమె నన్ను చూసిందో లేదో తెలియదు.

"రోడ్డు పాయింట్?"

రోడ్డు మీద ఎవరూ లేరు.

"క్లియర్" అన్నాను.

నేల కదిలింది. చప్పుడు వచ్చేలోపు నాకు గుర్తొచ్చింది. దీప ఇటు వచ్చేస్తే అక్కడ అమ్మ దగ్గర ఎవరున్నారు?

రెండో సైరన్ మోగేదాకా పాయింట్ వదలకూడదు. మోగాక పరుగెత్తాను. గోడ నిలిచే ఉంది. పగుల్లోంచి రాలిన మట్టి అమ్మ జుట్టు మీద, దుప్పటి మీద పడి ఉంది. ఆమె మంచం మీద కూర్చుని ఉంది. "మళ్ల మొదలైందా?" అంది. ఆ ముఖంలో భయం లేదు. ఎన్నో రోజుల తర్వాత కళ్లలో కాస్త వెలుగు ఉంది. ఆ చూపు నా మీద నిలవలేదు. నా భుజం మీదుగా తలుపు వైపు పోయి, వెనక వచ్చే మనిషి కోసం అక్కడే ఆగింది.

చీకటి పడకముందే తెల్లకారు దీపను వాకిట్లో దింపిపోయింది. మెడలోని టేపు తీసి మిషన్ మీద పెట్టి, చాలాసేపు దాన్ని వేలికి చుడుతూ విప్పుతూ కూర్చుంది.

"గోడ కొత్తది కట్టిస్తమన్నరు" అంది చివరికి. "ఊళ్లె పగుళ్లు ఉన్నోళ్లందరికి సిమెంటు ఇస్తమన్నరు."

"ఇంకేమన్నరు?"

"రోజు బ్లాస్టింగ్‌కు ముందుగాల నాకు ఫోన్ జేస్తమన్నరు. నాకు చెప్పకుండ పేల్చరట."

గెలిచి తెచ్చిన దానిలా చెప్పింది. మాట పూర్తయ్యేసరికి గొంతు తగ్గింది. నేను ఏదైనా అంటానేమోనని కాసేపు ఆగింది. లేచి పొయ్యి అంటించింది.

మాట నిలబెట్టుకున్నారు. కొత్త గోడ కట్టారు. నున్నటి గిలాబు పూత, పగులు లేదు, అవతలి వెలుగు లేదు. చలి తగ్గాక ఊరిసభ జరిగింది. దీపే నడిపింది. ఊరివైపు తవ్వకానికి ఎవరూ అడ్డు చెప్పలేదు. సిమెంటు అందరికీ అందింది.

ఇప్పుడు రోజూ ఆ వేళకు కాస్త ముందు దీప ఫోన్ మోగుతుంది. "ఆఁ సార్. ఆఁ. చెప్త" అంటుంది. కుట్టుతున్న గుడ్డను సూది కిందే వదిలి వీధిలోకి పోతుంది. "అవ్వా, సామాన్లు దించుండ్రి. వదినె, పిల్లను బయటికి తీస్కరా." ఇంటింటి ముందూ ఆగి చెబుతుంది. ఆమె గొంతు నాకు పాయింట్ దాకా వినిపిస్తుంది. జనం సైరన్ కన్నా ఆమె మాటనే నమ్ముతారు. సైరన్ కూడా ఈమధ్య తగ్గించి ఇస్తున్నారు. ఓ రోజు జైపాల్ నా దగ్గర బండి ఆపకుండా, నెమ్మది మాత్రం చేసి అన్నాడు.

"మీ ఇంట్ల ఇద్దరికి డ్యూటీ దొరికింది బావా."

నవ్వాలని చూశాను. అప్పటికే పోయాడు.

పోయిన వారపు సెలవునాడు ఇంట్లో ఉన్నాను. ఫోన్ మోగింది. దీప వీధిలోకి వెళ్లిపోయింది. ఆమె గొంతు ఒక్కొక్క ఇల్లే దాటుతూ దూరమవుతోంది. గోడ గట్టిదయ్యాక అమ్మను లేపి బయటికి తేవాల్సిన పనిలేదు. వెనక గదిలోకి తొంగి చూశాను. అమ్మ లేచి కూర్చుని ఉంది. తలుపుకు వీపు పెట్టి, కొత్త గోడను చూస్తూ, ఒక భుజం కొద్దిగా వంచి.

సైరన్ మోగింది. లోపలికి వెళ్లి ఆ భుజం మీద చెయ్యి వేశాను.

అమ్మ వెనక్కి తిరగలేదు. తన చేతిని తెచ్చి నా చేతి మీద పెట్టింది. వేళ్లు నెమ్మదిగా నా అరచేతి అంచు మీదికి, జెండా కర్ర ఒరుసుకుని కాయలు కాసిన చోటికి వచ్చి ఆగాయి.

"దీపా, నీ చేతులు గిట్ల మొరటైనయేందే బిడ్డా?"

జవాబు చెప్పినా ఆమెకు వినపడదు. నేల కదిలింది. చెయ్యి తీయలేదు.